మిద్దె మీద చదువు

ఇల్లు కురుస్తోందంటే మా వారు గొడుగు వెదుకుతారు, నేను బక్కెట్లు వెదుకుతాను. ఇన్నేళ్ల కాపురంలో మా ఇద్దరికీ తెలిసిన ఇంటి మరమ్మతు అంతే! గోడకు మేకు కొట్టాలన్నా వీధిలో ఎవరు పోతున్నారా అని చూసే రకం.

అనంతపురంలో వానలేమిటి, గొడుగేమిటి అని నవ్వకండి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు కురిస్తే మాకు గొప్పే. ఆ కాస్తలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్కుమ్మడిగా వచ్చి, సరిగ్గా నా పుస్తకాల పెట్టె మీదే పడుతుంది.

మాది అత్తగారి కాలం నాటి చౌడు మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన బండలు, అన్నిటికీ మీద మందంగా పరిచిన చౌడు. ఈ మట్టి సంగతి విచిత్రం. చేలో ఉంటే పంటను ఎదగనివ్వదు. తడిసిందంటే అందులోని సోడియం వల్ల మెత్తగా విడిపోయి, తన సందులు తానే పూడ్చుకుని, నీళ్లను కిందికి దిగనివ్వదు. చేనుకు శాపమైనది ఇంటికప్పుకు వరమన్నమాట. అయితే వానవానకూ ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు గడ్డి మొలుస్తుంది. ఆ వేర్ల దారినే నీళ్లు ఇంట్లోకి వస్తాయి. అందుకే వానలకు ముందే గడ్డి పెరికి, కొత్త చౌడు వేయించాలి.

పోయిన ఏడు ఆ పని చేసే మనిషి బెంగుళూరు వెళ్లిపోయాడు, అక్కడి మేడలకు సిమెంటు మోయడానికి. సరే, బి.ఏ. చదివాను, ఇన్ని నవలలు రాశాను, నాలుగు తట్టల మట్టి పరచలేనా అనుకున్నాను. ప్రిటోరియాలో మంగలి క్షవరం చేయనంటే గాంధీగారు తన జుట్టు తానే కత్తిరించుకోలేదూ? వెనకవైపు పాడైతే కోర్టులో స్నేహితులు నవ్వారట. నవ్వనీ! కొంగు బిగించి నిచ్చెన ఎక్కాను.

గదిలో ఎక్కడ చుక్క పడుతోందో గుర్తు పెట్టుకుని, సరిగ్గా దానిపైనే మట్టి కుప్ప పోసి అదిమాను. నా కుప్ప గట్టులా అడ్డుపడి, పైనుంచి వచ్చే నీళ్లను ఆపేసింది. మరునాటి వానకు ఒక్కచోట పడే చుక్కలు మూడుచోట్ల పడ్డాయి! మా వారు రెండో గొడుగు తెచ్చారు.

అప్పుడు వచ్చింది అవ్వ. బెంగుళూరు వెళ్లినతని తల్లి. వయసులో ఉన్నప్పుడు ఈ మిద్దెకే తట్టలతో చౌడు మోసిన మనిషి.

"ఏం పాపా, నీళ్లు యాడ కారితే ఆడ్నే బొక్క ఉంటాదనుకుంటివా?" అని నవ్వింది. బండల సందుల్లో నీళ్లు ఎంతో దూరం పారి, దారి దొరికినచోట కారతాయట. గడ్డిని పైపైన కోయకుండా వేర్లతో పెరకడం, వాలు గొట్టంవైపుండేలా మట్టి సర్దడం, నీళ్లు చిలకరించి కాళ్లతో అదమడం, అన్నీ చెప్పింది. మధ్యాహ్నానికి నా నడుము నాది కాకుండా పోయింది. అరచేతుల్లో బొబ్బలు. అయినా ఎంత గర్వమో! దీనిమీద ఒక వ్యాసం రాయాలి, స్వయంకృషి అని పేరు పెట్టాలి అని మనసులోనే వాక్యాలు కూర్చుకుంటున్నాను.

"అంతా నువ్వే చేసుకుంటే ఇంగ నాకు కూలి ఎవరిస్తారు పాపా?" అంది అవ్వ.

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. గాంధీగారికి మంగలి పని చేయనన్నాడు. నాకెవరూ అనలేదే! కొడుకు లేకపోయినా అవ్వ ఉందని నాకు తోచనే లేదు. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఏడాదిలో నూరు రోజులు మట్టిపని దొరకడమే భాగ్యమనుకున్న ఊళ్లివి. అలాంటిచోట నేను సరదాకు ఎత్తుకున్న తట్ట ఎవరి తట్ట?

అలాగని, చదువుకున్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుని కూలి ఇస్తూ పోవడమే ధర్మమా? అదీ మనసుకు ఎక్కడం లేదు. అంతకు ముందు ఏడు అవ్వ కొడుకు ఇదే పనికి కూలి చెబితే, "మట్టి పరచడానికి ఇంతా?" అని బేరమాడింది నేనే. ఈ బొబ్బలు అప్పుడే ఉండి ఉంటే ఆ మాట నోట వచ్చేదా? నేర్చుకోకపోతే ఆ కూలి ఎంతో తెలియదు. నేర్చుకున్నాక ఇచ్చే అవసరం ఉండదు. ఈ చిక్కుకు బి.ఏ.లో చదివిన తర్కమేదీ అక్కరకు రాలేదు.

సాయంత్రం ఒక మనిషి కూలి చేతిలో పెట్టాను. అవ్వ లెక్కపెట్టి, "ఇంగో మనిషిది యాడ?" అంది.

"ఇంకో మనిషెవరవ్వా?"

"నీకు నేర్పింది ఒక కూలి. నువ్వు చెడగొట్టింది సరిచేసింది ఇంగో కూలి."

ఇచ్చాను. మిద్దె ఇంకా సగం మిగిలే ఉంది. పొద్దున్నే వస్తానని చెప్పి, మబ్బువైపు ఒకసారి చూసి, అవ్వ నిచ్చెన దిగింది.