తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నది?



డబ్బు చెల్లించి తెచ్చుకొన్న వస్తువు ఎవరిది? ఈ ప్రశ్న ఏడవ తరగతి పిల్లవానిని అడిగితే, "కొన్నవానిదే గదా మాష్టారూ" అని నవ్వును. మన తాతల కాలమునుండి ఈ జవాబులో సందేహము లేదు. సైకిలు కొన్నవాడు చక్రము ఊడదీసి తానే పంక్చరు వేసికొన్నాడు. కుట్టుమిషను కొన్న ఇల్లాలు దానికి నూనె వేసి, లోపల చిక్కిన దారపు పీచును దులుపుకొన్నది. గోడగడియారము ఆగిపోతే వీధి చివరనున్న మేస్త్రీ చేతికి ఇచ్చితిమేగాని, చేసిన కంపెనీని అనుమతి అడిగినవారు లేరు. విప్పుట, బాగుచేయుట, మార్చుకొనుట, మరియొకరికి ఇచ్చుట - ఇవన్నియు "నాది" అను చిన్న మాటలోనే ఇమిడి యుండెను.

నేడు ఆ జవాబు అంత సులభము కాదు. చేతిలోని ఫోనులో, గోడమీది టీవీలో, పొలములోని ట్రాక్టరులో కంప్యూటరు ఉన్నది. అది ఎవరి మాట వినును? కొన్నవాని మాటా, చేసినవాని మాటా? ఇది ఇంజనీర్లకు వదలివేయవలసిన ప్రశ్న కాదు. ఒకని సొత్తుమీద, ఒకని కష్టముమీద మరియొకనికి ఎంత అధికారము ఉండవచ్చునన్న నీతి ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నను ఇరువది ఏండ్లకు పైగా అడుగుచున్నవారిలో కోరీ డాక్టొరో అను రచయిత ఒకరు. ఆయన 1971లో కెనడా దేశములోని టొరంటో నగరమున జన్మించిరి. 1999లో మరికొందరితో కలిసి ఒక సాఫ్ట్‌వేరు కంపెనీని స్థాపించిరి. తరువాత డిజిటల్ హక్కుల కొరకు పనిచేయు ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను అమెరికా సంస్థలో చేరి, లండనులో ఉండి ఐరోపా వ్యవహారములను చూచిరి. కంప్యూటరును చూచి భయపడువారు చెప్పు మాటకును, దానితోనే బ్రతికినవారు చెప్పు మాటకును తేడా ఉన్నది. ఈయన రెండవ తెగవారు గనుక ఆయన మాటను నిదానముగా వినవలసి యున్నది.

ఆయన వాదములకు పునాదియైన తలంపు ఒకటే. మన సొత్తుకు వేరొకరు తాళము వేసి, చెవిని తమయొద్దనే ఉంచుకొన్నచో, ఆ తాళమువలన లాభపడువారు మనము కామని ఆయన చెప్పుదురు.

ఈ తాళము ఇనుప తాళము కాదు. వస్తువులోని సాఫ్ట్‌వేరులో వేయు డిజిటల్ తాళము. 1998లో అమెరికా ఒక కాపీహక్కు చట్టము చేసి, ఇట్టి తాళమును తప్పించుటనే నేరముగా నిర్ణయించినది. 2012లో కెనడాకూడ తన కాపీహక్కు చట్టమును సవరించి అదే దారి పట్టినది. సినిమాలను, పాటలను దొంగిలింపకుండుటకే ఈ తాళములని మొదట చెప్పిరి. అయితే కంప్యూటరు ఎక్కడెక్కడికి చేరినదో తాళముకూడ అక్కడికెల్ల చేరినది. ప్రింటరు సిరాడబ్బాకు, ట్రాక్టరు ఇంజనుకు కాపీహక్కుతో ఏమి పని? అయినను ఆ చట్టపు నీడ వాటిమీదకూడ పడినది.

రెండు సంగతులు గమనించుడి. 2009 జూలైలో అమెజాన్ సంస్థ తాను అమ్మిన కొన్ని ఎలక్ట్రానిక్ పుస్తకములను, కొన్నవారి కిండిల్ యంత్రములలోనుండి దూరముననే ఉండి చెరిపివేసినది. ఆ ప్రతులను అమ్మినవారికి అసలు హక్కు లేదని తెలిసినందున అట్లు చేసినది. డబ్బు తిరిగి ఇచ్చినది, తరువాత క్షమాపణయు చెప్పినది. చెరిపిన పుస్తకములలో జార్జి ఆర్వెల్ వ్రాసిన 1984 నవల ఒకటి. పౌరుల ప్రతి కదలికను గమనించు ప్రభుత్వమును గూర్చిన కథ అది. పుస్తకముల అంగడివాడు పొరపాటున దొంగసరుకు అమ్మినచో, రాత్రివేళ మన ఇంటిలో ప్రవేశించి బీరువాలోని పుస్తకము తీసి, బల్లమీద డబ్బు పెట్టి పోవుటకు మనము ఒప్పుకొందుమా? డబ్బు ముట్టినది గదా అని ఊరకుందుమా?

రెండవది పోలండు దేశపు సంగతి. అక్కడ కొన్ని రైళ్లు, వాటిని తయారుచేసిన కంపెనీవద్దగాక వేరొక షెడ్డులో మరమ్మతు చేయించిన తరువాత కదలలేదు. సాఫ్ట్‌వేరును శోధించిన ముగ్గురు నిపుణులు 2023 డిసెంబరులో తాము కనుగొన్నదానిని బయటపెట్టిరి: ఇతరుల షెడ్డులో నిలిచియున్నట్లు గుర్తించినచో రైలు కదలకుండునట్లు లోపల ఆజ్ఞలు ఉన్నవట. కంపెనీ ఈ ఆరోపణను కాదన్నది. నిపుణులమీద కోర్టుకు వెళ్లినది. నిర్ణయించువారు న్యాయాధిపతులు. అయితే ఇట్లు చేయుట సాధ్యమను సంగతియే మనలను ఆలోచింపజేయవలెను.

ఇక కంపెనీలు పెద్దవైన తరువాత ఏమి జరుగునో తెలుపుటకు డాక్టొరో 2022లో ఒక క్రొత్త మాట పుట్టించిరి. మరుసటి సంవత్సరపు మాటగా అమెరికన్ డయలెక్ట్ సొసైటీ దానిని ఎన్నుకొన్నది. ఆ మాట మర్యాదయైనది కాదు గనుక ఇక్కడ వ్రాయను. సేవ మెల్లమెల్లగా చెడి కుళ్లిపోవుట అని దాని భావము. మొదట కంపెనీ వాడుకొనువారికి మేలుచేసి వారిని చేర్చుకొనును. వారు వదలిపోలేని స్థితికి వచ్చిన తరువాత వారిని పిండి, వ్యాపారులకు మేలుచేయును. వ్యాపారులుకూడ చిక్కుకొన్న పిమ్మట వారినిసైతము పిండి అంతయు తానే తీసికొనును. వదలిపోలేని స్థితి అను మాటను చూడుడి. తలుపు తెరిచియున్న అంగడిలో యజమాని మర్యాదగానుండును. తలుపు బయట గడియ వేసినప్పుడు అతని మర్యాద ఎంతకాలము నిలుచును? మనుష్యులు చెడ్డవారగుట వలననేగాక, అదుపులేని అధికారము చేతికి వచ్చుట వలనకూడ చెడుగు పుట్టుచున్నది.

ఇంతవరకు వస్తువులను గూర్చి చెప్పితిమి. పనివాని సంగతి ఇంకను బరువైనది.

గ్రీకుల పురాణములలో నడుమువరకు మనిషి, క్రిందిభాగము గుఱ్ఱముగా ఉండు జీవి కలదు. తల మనిషిది, బలము గుఱ్ఱముది. యంత్రము సహాయముతో పనిచేయు మనిషిని దానితో పోల్చవచ్చును. లెక్కలయంత్రము వాడు గుమాస్తా, కుట్టుమిషనుమీద కుట్టు దర్జీ అట్టివారు. అయితే నేడు తలక్రిందులైన జీవి పుట్టినదని డాక్టొరో అందురు. తల యంత్రముది, కాళ్లుచేతులు మనిషివి. ఎటు పోవలెనో, ఎంతలో చేరవలెనో, ఎంత కూలి ఇయ్యవలెనో యంత్రము నిర్ణయించును, మనిషి పరుగెత్తును. 2021లో అమెరికాలో అమెజాన్ సరుకులు చేరవేయు వాహనములలో, రోడ్డునేగాక డ్రైవరు ముఖమునుకూడ గమనించు కెమెరాలు పెట్టుట ఆరంభించిరి. గుఱ్ఱమునకు కళ్లెము వేసినవాడు కనీసము ఎదుట నిలుచును; ఈ రౌతు కనబడడు.

ఈ భేదమును ఇంతకుముందే గుర్తించినవారు కెనడాలోనే ఉన్నారు. టొరంటో విశ్వవిద్యాలయములో లోహశాస్త్రము బోధించిన అర్సులా ఫ్రాంక్లిన్‌గారు 1989లో మాస్సీ ఉపన్యాసములు ఇచ్చిరి. పనిచేయు పద్ధతులు రెండు విధములని ఆమె వివరించిరి. ఒకదానిలో పనివాడు మొదటినుండి చివరివరకు తన పనిని తానే నడుపుకొనును. రెండవదానిలో పనిని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క అప్పగించి, చెప్పినట్లు చేయుటయే నేర్పుదురు. రెండవ పద్ధతివలన సరుకు ఎక్కువగా వచ్చును, కాని మనుష్యులకు లోబడుట అలవాటగునని ఆమె హెచ్చరిక. షోలాపురములోని మన తెలుగు నేతగాండ్రకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పడుగు పేకలు తెలిసి, అంచు తానే కూర్చుకొనిన చేతిమగ్గపు నేతగానికిని, మరమగ్గముల చప్పుడులో తెగిన దారములు కలుపుచు నిలుచున్నవానికిని తేడా ఆ ఇండ్లలో పెద్దలు చూచియున్నదే.

చట్టములు కొంత మేలుకొన్నవి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రము 2021లో ఒక చట్టము చేసి, 25 మందికి తక్కువగాకుండ పనివారున్న యజమాని, పని గంటల తరువాత సందేశములనుండి పనివారు విడివడుటను గూర్చి వ్రాతమూలకమైన విధానము ప్రకటించవలెనన్నది. 2022లో మరియొక చట్టము, పనివారిని ఎలక్ట్రానిక్ పద్ధతిలో గమనించుచున్నచో ఆ సంగతి వారికి తెలుపవలెనన్నది. చెప్పి చూచుట చెప్పక చూచుటకంటె మేలు. కాని చూడకుండ ఉండుటతో సమానము కాదు. యాప్‌ల ద్వారా పనిచేయువారి హక్కుల చట్టము 2025 జూలై 1నుండి అక్కడ అమలులోనికి వచ్చినది. దానిచొప్పున ఒప్పుకొన్న ప్రతి పనికిని కనీస కూలి ఇయ్యవలెను. అయితే తరువాతి పిలుపు కొరకు రోడ్డుప్రక్కన కాచుకొనియున్న గంటలు ఆ లెక్కలోనికి రావు. కాచుకొనుటకూడ పనియే అని ఎన్నడైన కూలి అడ్డాలో నిలుచున్నవానికి తెలియును. మన దేశములో కర్నాటకము 2025లో ఇట్టి పనివారి సంక్షేమము కొరకు చట్టము చేసినది. బెంగుళూరులో మోటారుసైకిలుమీద సంచులు మోయు మన పిల్లలున్న కుటుంబములు ఆ చట్టమును తెలిసికొనియుండుట మంచిది.

ఎదుటివారి వాదనకూడ న్యాయముగా వినవలెను. తాళము లేనిచో రచయిత కష్టము దొంగలపాలు గాదా? ఇది నిజమైన ప్రశ్నయే. డాక్టొరో తానే రచయితయై, 2003లో తన మొదటి నవలను అచ్చువేయుచునే, కంప్యూటరులో ఉచితముగా చదువుకొనుటకు ఇచ్చిరి. తన పుస్తకములకు డిజిటల్ తాళము వేయుటకు ఆయన ఒప్పుకొనరు. ఆయనకు సాగినది ప్రతి రచయితకు సాగునని చెప్పలేము. అయినను దొంగను పట్టుటకు చట్టము ఉన్నది. దొంగ కొరకు కొన్నవారందరి చేతులు కట్టుట న్యాయము కాదు.

మరి భద్రత మాట ఏమి? తెలియనివాడు బ్రేకు విప్పినచో ప్రాణము పోవును గదా? పోవును. అందుకే బ్రేకు ఎట్లుండవలెనో ప్రభుత్వము నియమము పెట్టవలెను. ఎవరు బాగుచేసినను ఆ నియమమునకు లోబడవలెను. ఆ అధికారమును అమ్మినవానికే అప్పగించినచో, అతడు భద్రతను చూచుచున్నాడో లాభమును చూచుచున్నాడో మనకు తెలియు మార్గము లేదు.

కెనడా పార్లమెంటు ఈ వాదనను కొంత అంగీకరించినది. 2024 నవంబరులో, మరమ్మతు కొరకు డిజిటల్ తాళమును తీయవచ్చునని చట్టమును సవరించినది. డాక్టొరో దానిని మెచ్చుకొనుచునే ఒక లోపము చూపిరి. తాళము తీయుటకు అనుమతి ఉన్నది గాని, తీయు పనిముట్టును చేసి ఇతరులకు ఇచ్చుటకు అనుమతి లేదు. బావి మనది, చేద మాత్రము అమ్మరాదు అన్నట్లున్నది. మన దేశములో వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కొరకు ఒక పోర్టలు తెరచి, కంపెనీలు మరమ్మతు వివరములను అందులో ఉంచునట్లు ఏర్పాటు చేసినది. అది ఆరంభము మాత్రమే.

ఇక మన వంతు ఏమి? వస్తువు కొనునప్పుడు ధరతోపాటు రెండు ప్రశ్నలు అడుగుట నేర్చుకొనవలెను: చెడిపోతే ఎవరైనను బాగుచేయగలరా? కంపెనీ మూతబడినచో ఇది పనిచేయునా? ఫోటోలను, ముఖ్యమైన కాగితములను ఒక్క కంపెనీ గిడ్డంగిలోనే ఉంచక, మన చేతిలోనుకూడ ఒక ప్రతి ఉంచుకొనవలెను. వీధిలోని మరమ్మతు దుకాణము బ్రతుకునట్లు చూచుకొనవలెను. ఆ విద్య ఒకసారి పోయినచో హక్కు కాగితముమీద ఉన్నను చేయువాడు ఉండడు.

వీటికంటె కష్టమైనది మరియొకటి కలదు. ఆ కనబడని రౌతు చేతిలోని కొరడా ఎక్కడనుండి వచ్చినది? అందులో ఒక పోగు మనము ఇచ్చినదే. అన్నపు పొట్లము పది నిమిషములు ఆలస్యమైనదని ఫోనులో అయిదు నక్షత్రములకు బదులు ఒకటి నొక్కుదుము. మనకు అది వేలి కదలిక. ఆ పిల్లవానికి అది రేపటి పని ఉండునో లేదో తేల్చు సంగతి కావచ్చును. వానలో వచ్చెనా, మెట్లు ఎక్కి వచ్చెనా, ఉదయమునుండి తిన్నాడా అని యంత్రము అడుగదు. అడుగగలవారము మనమే. ఎదుట నిలుచున్న మనిషితో చెప్పగలిగిన ఫిర్యాదును అతని వెనుక యంత్రమునకు చెప్పుట పెద్దమనిషి తరహా కాదు. నా సొత్తుకు తాళపుచెవి నా చేతిలో ఉండవలెనని అడుగువాడు, మరియొకని కూటికి తాళపుచెవి తన వ్రేలికొనకు వచ్చినప్పుడు ఎట్లు వాడుచున్నాడో చూచుకొనవలెను. అప్పుడే ఆ హక్కు అడుగు నోటికి బలము వచ్చును.