దాపరికమంతా దోషమేనా?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక మా మొహల్లా పెద్దమనిషి ఒకరు మస్జిదులోనే ఆగిపోయారు. అందరూ వెళ్ళాక దగ్గరకొచ్చి కూర్చున్నారు. ఆయన కూతురు డిగ్రీ చదువుతోంది. ఆమెకు ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రైవేటు ఖాతా ఒకటి ఉందనీ, అందులో ఇంట్లోవాళ్ళెవరినీ చేర్చుకోలేదనీ పక్కింటావిడ వచ్చి చెప్పిందట. "మౌలానా సాబ్! దాచాల్సిందేమీ లేకపోతే తాళం ఎందుకు? రాత్రి పిల్ల నిద్రపోయాక ఫోన్ తీసి చూడమంటారా?" అని ఆయన అడిగారు.

ఇది ఆ ఒక్క తండ్రి ప్రశ్న కాదు. ఫోను ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకనాడు తలెత్తే ప్రశ్న. దాచటమంటేనే తప్పు చేయటమని మనం ఇట్టే తేల్చేస్తాం. మరి మన ధర్మం కూడా అలాగే తేల్చిందా?

దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా చూడండి. పసివాడైన హజ్రత్ యూసుఫ్ (అలై) తన కల గురించి చెప్పినప్పుడు, దానిని అన్నలకు చెప్పవద్దని తండ్రి హజ్రత్ యాఖూబ్ (అలై) హెచ్చరించారు (12:5). సొంత అన్నల దగ్గర దాచమన్నది ఒక ప్రవక్తే. ఆ కలలో పాపమేమీ లేదు. భయమల్లా అసూయ గురించే.

హజ్రత్ అనస్ (రజి) బాల్యంలోని సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) ఆయనను ఏదో పని మీద పంపారు. ఇంటికి ఆలస్యంగా చేరిన కొడుకును తల్లి కారణం అడిగారు. ప్రవక్త (స) పని మీద వెళ్ళానన్నారు అనస్. ఏమిటా పని అని అడిగితే, అది రహస్యమన్నారు. ఆ తల్లి కోప్పడలేదు, గుచ్చి గుచ్చి అడగలేదు. ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని తానే కొడుక్కి బోధించారు. బిడ్డకూ ఒక రహస్యం ఉండవచ్చునని ఆ ఇల్లు అంగీకరించింది.

అయితే ఇక్కడ ఒక సందేహం వస్తుంది. మనసులో గుచ్చుకునేది, ఇతరులకు తెలియటం మనకు ఇష్టం లేనిది పాపమని దైవప్రవక్త (స) బోధించారు కదా! హజ్రత్ నవ్వాస్ బిన్ సమ్ఆన్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు కూడా ముస్లిం గ్రంథంలోనిదే. కానీ అందులో ఉన్న గుర్తులు రెండు. ఒకటి, అంతరాత్మ గుచ్చటం. రెండు, జనానికి తెలుస్తుందన్న జంకు. రెండోది ఒక్కటే ఉంటే అది సిగ్గు కావచ్చు, జాగ్రత్త కావచ్చు. రెండూ కలిసినప్పుడే మనం ఉలిక్కిపడాలి.

జాగ్రత్తకు కారణాలు తక్కువేమీ కాదు. మన దేశంలోనే 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరిలో మరోసారి ముస్లిం మహిళల ఫోటోలను వారి ఖాతాల నుంచి ఎత్తుకెళ్ళి, ఇంటర్నెట్‌లో 'వేలం' అంటూ ప్రదర్శించారు. అటువంటి కాలంలో ఒక ఆడపిల్ల తన ఖాతాను అపరిచితులకు మూసి ఉంచితే అది పరదాలో భాగమే. ఇన్‌స్టాగ్రామ్ సంస్థ సైతం 2024 నుంచి 18 ఏళ్ళలోపు పిల్లల ఖాతాలను మొదటి నుంచే ప్రైవేటుగా ఉంచే పద్ధతి మొదలుపెట్టింది.

"బయటివాళ్ళ సంగతి సరే, ఇంట్లోవాళ్ళ దగ్గర దాపరికమెందుకు?" అంటారా? నూర్ సూరాలో అల్లాహ్ ఇంటిలోపల కూడా హద్దులు నిర్ణయించాడు. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత చిన్నపిల్లలు సైతం అనుమతి అడిగి గదిలోకి రావాలి. యుక్తవయస్సు వచ్చాక ఎల్లప్పుడూ అడగాలి (24:58, 59). ఒకే కప్పు కింద ఉన్నా తలుపు తలుపే.

కాబట్టి తాళం ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. తాళం వెనుక ఏముంది అన్నదే ప్రశ్న. ఇది ఖాతా ఉన్నవాళ్ళు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న. బంధువుల కోసం ఒక ఖాతా, అందులో ఆయతులు, దుఆలు. స్నేహితుల కోసం మరో ఖాతా, అందులో వేరే ముఖం. రాత్రివేళ పరాయి స్త్రీతోనో, పరాయి పురుషునితోనో రహస్య సంభాషణ. ఇది కూడా ఏకాంతమే. అక్కడ మూడోవాడు షైతాను. జనం కంటపడకుండా దాక్కుంటారు గానీ అల్లాహ్ నుంచి దాక్కోలేరని నిసా సూరా (4:108) హెచ్చరిస్తోంది. పాస్‌వర్డు మనుషులను ఆపుతుంది, కిరామన్ కాతిబీన్‌ను ఆపదు.

ఏది జాగ్రత్తో, ఏది పాపమో తేల్చుకోవటానికి ఒక సులువైన మార్గముంది. దాచిన విషయాన్ని తహజ్జుద్‌లో అల్లాహ్ ముందు పెట్టి, ఇందులో నాకు సహాయం చెయ్యి అని దుఆ చేయగలమా? అత్తింటి బాధను ఒక స్నేహితురాలితో రహస్యంగా పంచుకుంటున్న సోదరి చేయగలదు. హరాం స్నేహం నడుపుతున్నవాడు చేయలేడు. నోరు రాని చోటే తౌబాకు చోటు. అలాంటివారు ఆ ఖాతా మూసి పశ్చాత్తాపపడాలి, ఊరంతా చాటుకోనవసరం లేదు. రాత్రి అల్లాహ్ కప్పిపుచ్చిన పాపాన్ని తెల్లవారి తానే బయటపెట్టుకోవటాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా గర్హించారు (బుఖారీ, ముస్లిం).

ఇక పెద్దల సంగతి. తండ్రి తన ఇంటివారికి కాపరి, వారి గురించి అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి. పసివయసు పిల్లల ఫోనును వారికి చెప్పి మరీ చూడటం బాధ్యత. ఎదిగిన బిడ్డ నిద్రపోయాక దొంగచాటుగా తెరవటం మాత్రం కూపీ లాగటమే. దానిని హుజురాత్ సూరా (49:12) అనుమానంతోనూ, పరోక్షనిందతోనూ కలిపి ఒకే ఆయతులో నిషేధించింది. తలుపు సందులోంచి తన ఇంట్లోకి తొంగిచూసిన వ్యక్తిని దైవప్రవక్త (స) ఎంత కఠినంగా మందలించారో బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అనుమతి అడగాలన్న నియమం ఏర్పడిందే చూపు కోసమని ఆయన (స) స్పష్టం చేశారు. ఇరుగుపొరుగు ఖాతాలు వెతికి, స్క్రీన్‌షాట్లు తీసి పంచేవాళ్ళు కూడా ఈ హదీసును ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆ పెద్దమనిషితో నేను ఒక్కటే చెప్పాను. "ఫోన్ తెరవకండి. పిల్లను కూర్చోబెట్టుకుని, 'బేటీ, నాకు భయంగా ఉంది' అని చెప్పండి. మీరు దొంగచాటుగా చూస్తే రేపు ఆమె ఇంకో తాళం వెతుక్కుంటుంది. నిజంగా ఆపదలో ఉంటే మొదట మీ దగ్గరకే రావాలి కదా!"

ఆయన చాలాసేపు మౌనంగా కూర్చుని వెళ్ళిపోయారు. తరువాత ఏం జరిగిందో నేను అడగలేదు. అది వాళ్ళింటి విషయం.

అల్లాహ్ మన లోపాలను కప్పి, మన ఏకాంతాలను పరిశుద్ధపరచుగాక! ఆమీన్.