రుచి చూడని సాక్ష్యము

(ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 25:13–16, అపొస్తలుల కార్యములు 16:14–15)



ఈసారి మేము ఊరగాయలను గురించి వ్రాయుచున్నాము. పత్రిక తెరచి వాక్యము కొరకు చూచువారు కొంచెము ఓపిక పట్టండి. వాక్యమునకే వచ్చెదము.

మేము కోలారు బంగారు గనుల ప్రాంతమున స్థిరపడిన కుటుంబమువారము. మా పెద్దలు గనులలో పనికి తెలుగు జిల్లాలనుండి వచ్చినవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అప్పటినుండి మా పిల్లలలో అనేకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి, చీకటి పడిన తరువాత ఇల్లు చేరుచున్నారు. ఇప్పుడు కొందరు ఆ ప్రయాణము మాని, ఇంటనే కూర్చుండి, చేతిలోని ఫోనుతో వ్యాపారము చేసికొన చూచుచున్నారు. ఒకరు చీరలు, ఒకరు కేకులు. ఇంకొక పిల్లవాడు తాను ఎన్నడు కంటితో చూడని ఫోను కవర్లను ఎక్కడినుండియో ఎవరికో పంపించుచున్నాడు. అతని సంగతి వేరుగా మాటలాడవలసి యున్నది.

మా సంఘములోని ఒక సహోదరి గోంగూర పచ్చడి, ఆవకాయ, కందిపొడి సీసాలలో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముట మొదలుపెట్టినది. వంట ఆమెకు చిన్ననాటినుండి ఇష్టము. క్రిస్మసు విందునకు ఆమె చేయి లేనిదే కూర దిగదు. ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత సీసా ఒకటి తెచ్చి ప్రార్థించమని అడిగినది. మేము సీసామీద చేయి ఉంచి ప్రార్థించినాము. ఇంతవరకు బాగుగనే యున్నది.

ఆ సాయంత్రము మన యౌవనస్థులు సంఘపు వాట్సాప్‌లో ఒక ప్రకటన వేసినారు. "మన అక్క వ్యాపారం. అందరూ అయిదు నక్షత్రాలు వేయండి, రెండు మంచి మాటలు రాయండి." ఆమె పెట్టుకొన్న పేజీలో కొననివారు కూడ అభిప్రాయము వ్రాయవచ్చునట. మా మనుమడు ఫోను పట్టుకొనగా మేమును వ్రాసినాము. "చాల రుచిగా ఉన్నది. శుభ్రమైన తయారీ. మరల కొందుము" అని. రక్తపు పోటు వచ్చినది మొదలు డాక్టరు మాకు ఊరగాయ మాన్పించినాడు. ఆ సీసా మూత మేము తీయనే లేదు. వారము తిరుగకముందే పందొమ్మిదిమంది అయిదేసి నక్షత్రములు వేసినారు. వారిలో సీసా కొన్నవారు నలుగురు.

తరువాతి నెలలో బెంగుళూరునుండి ఒకామె గోంగూర తెప్పించుకొన్నది. దారిలో మూత వదులై నూనె కారి, పెట్టె తడిసి, పచ్చడి పైభాగము ఎండి పోయినది. ఆమె ఒక్క నక్షత్రము వేసి, క్రింద ఈలాగు వ్రాసినది. "ఇంతమంది పొగిడారని కొన్నాను. వీళ్లలో ఒక్కరైనా తిన్నారా?"

ప్రియులారా, ఆ ప్రశ్న మమ్మును కొన్ని దినములు నిద్ర పోనీయలేదు. ఆమె మన విశ్వాసమును ఎరుగదు. మనము పందొమ్మిదిమందియు ఒకే సంఘమువారమని కూడ ఎరుగదు. ఎరిగియుండినయెడల మరి ఏమి అడిగియుండెడిదో!

ఇప్పుడు వాక్యమునకు వచ్చెదము. ద్వితీయోపదేశకాండములో దేవుడు తన ప్రజలకు ఇచ్చిన ఆజ్ఞ ఏమనగా, సంచిలో పెద్దదొకటి చిన్నదొకటి రెండు తూనిక రాళ్లు పెట్టుకొనకూడదు. కొనునప్పుడు ఒక రాయి, అమ్మునప్పుడు ఒక రాయి. గమనించండి, అవి బల్లమీద ఉండవు, సంచిలో ఉండును. కొనువానికి కనబడునది త్రాసు మాత్రమే. ప్రవక్తయైన ఆమోసు కాలమునాటికి వర్తకులు కొలను చిన్నదిచేసి, వెలను పెద్దదిచేసి, గోధుమలలో పొల్లు కలిపి అమ్ముచుండిరి. పైగా విశ్రాంతిదినము ఎప్పుడు గడచునా, కొట్టు ఎప్పుడు తెరతమా అని గుడిలో కూర్చుండి ఎదురు చూచుచుండిరట. ఈ మాట చదివినప్పుడు ఆరాధనలో ఫోను చూచుకొను మన యౌవనస్థులు జ్ఞాపకమునకు వచ్చుట మా తప్పు కాదు.

సంతలో కొనువాడు గోంగూర వాసన చూచును, మామిడికాయ నొక్కి చూచును, త్రాసు ముల్లు చూచును. ఆన్‌లైన్‌లో కొనువానికి ముక్కు లేదు, చేయి లేదు. వానికున్నది ఒక చిత్రపటము, ముందుగా కొన్నవారి మాట, అంతే. కనుక ఆ నక్షత్రములే నేటి తూనిక రాళ్లు. మేము మా సంచిలోనుండి తప్పుడు రాయి తీసి ఆమె త్రాసులో వేసినాము.

"మేలు చేయవలెననియే గదా వేసినాము" అని ఒక సహోదరుడు అన్నాడు. నిజమే. తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకవద్దని చెప్పుచున్నది. ఎవనికైన కీడు చేయు అబద్ధమే అందులోనికి వచ్చునని మనము చిన్ననాటినుండి అనుకొనుచున్నాము. మన బిడ్డకు మేలుచేయు మాట అబద్ధ సాక్ష్యమెట్లగును? అయితే పొరుగువారు ఎవరు? మన బల్లలో కూర్చుండు ఆ సహోదరి ఒక్కతియేనా, డబ్బు చెల్లించిన బెంగుళూరామె కాదా?

మేము ముప్పది యేండ్లకు పైగా బడిలో పని చేసినవారము. జవాబు పత్రము విప్పకుండ నూటికి నూరు మార్కులు వేసిన ఉపాధ్యాయుని ఏమందురు? పిల్లవాడు మంచివాడే, తండ్రి మనకు తెలిసినవాడే, పత్రము బాగుగనే యుండవచ్చును కూడ. అయినను ఆ మార్కు దొంగ మార్కే. దానివలన ఆ పిల్లవానికే నష్టము, ఏలయనగా వానికి ఏది వచ్చునో ఏది రాదో వానికి ఎన్నటికిని తెలియదు. మన సహోదరికి జరిగినదియు ఇదే. మూత వదులుగా ఉన్నదని చెప్పగలిగినవారు ముందు కొన్న నలుగురు. వారును చెప్పలేదు.

దేశ చట్టము కూడ దీనిని చిన్న సంగతిగా ఎంచుటలేదు. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమములు, అమ్మువాడు కొనుగోలుదారునివలె నటించి తన సరుకును గూర్చి అభిప్రాయములు వ్రాయరాదని చెప్పుచున్నవి. మేము అమ్మువారము కాము గనుక ఆ మాట మాకు తగులదని వాదింపవచ్చును. సంఘపెద్దలు వకీళ్లవలె వాదించు స్థితికి వచ్చిరనగా అక్కడనే ఏదో చెడినదని అర్థము. 2022 నవంబరులో ఆన్‌లైన్ అభిప్రాయముల కొరకు ఐఎస్ 19000 అను ప్రమాణము కూడ ప్రకటింపబడినది. 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ అను పదుమూడు మోసపు పద్ధతులను నిషేధించుచు మార్గదర్శకములు వచ్చినవి. వాటిలో ఒకటి లేని తొందర పుట్టించుట. అటకమీద నలుబది సీసాలుండగా "రెండే మిగిలినవి" అని వ్రాయుట అన్నమాట.

మన తెలుగు బాప్తిస్టు చరిత్రలో ఒక సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. 1876–78 కరవు కాలములో ఒంగోలులో నున్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించినారు. మిషనెరీ కంట్రాక్టు తీసికొనవచ్చునా అని ఆయన ఆగలేదు. పని ఉన్నది, కూలి ఉన్నది, ప్రాణములు నిలిచినవి. అయితే అదే కాలములో బాప్తిస్మము అడుగవచ్చిన వారికి ఆయన బాప్తిస్మము ఇయ్యలేదు. కూలి కొరకు, గింజల కొరకు ఎవరును విశ్వాసమును ఒప్పుకొనకూడదని ఆపినారు. కరవు సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ సంఖ్యను మనము ప్రతి వార్షికోత్సవములోను గర్వముగా చెప్పుకొందుము. దానికి ముందు ఆయన ఆగిన నెలలను ఎవరును చెప్పుకొనరు. సాక్ష్యములో లాభము కలిసినచో ఆ సాక్ష్యము ఎంతటిదో తెలియదని ఆయన ఎరుగును.

ఇంత చెప్పిన తరువాత, వ్యాపారమే మంచిది కాదని ఎవరైన తలంతురేమో. అట్లు కాదు. లూదియను చూడండి. ఆమె తుయతైర పట్టణస్థురాలు, కాపురము ఫిలిప్పీలో. అనగా మనవంటి వలస మనిషి. ఊదారంగు పొడి అమ్మునది. అది ధనవంతులు కొను సరుకు. ప్రభువు ఆమె హృదయము తెరచిన తరువాత ఆమె అంగడి మూసివేసినదని వాక్యములో లేదు. పౌలును అతనితోకూడ వచ్చినవారిని చేర్చుకొనగల ఇల్లు ఆమెకుండెను. ఆ ఇల్లు లాభము లేకుండ వచ్చినదా? విశ్వాసులకు సగము ధరకు అమ్మినదని కూడ వ్రాయబడలేదు. ఇది ఎందుకు చెప్పుచున్నామనగా, మన సంఘస్థులు ఆ సహోదరి యొద్ద సీసా తీసికొని "వచ్చే నెల ఇస్తాంలే అమ్మా" అనుచున్నారు. ఉత్త నక్షత్రములు ఇచ్చుటలో ఉదారులము, డబ్బు ఇచ్చుటలో కాము.

ఆమె లెక్క మేము బల్లమీద వ్రాయించినాము. అరకిలో గోంగూర సీసా అమ్మకపు ధర 200 రూపాయలు, పంపు ఖర్చు ఆమెదే. సరుకులు, నూనె, గ్యాసు కలిపి 95. సీసా, చీటీ, పెట్టె 28. కొరియరు 60. మొత్తము 183. మిగులునది 17. పది సీసాలకు 170. పదింటిలో ఒకటి పగిలి మరియొకటి పంపవలసి వచ్చినచో 183 పోవును. అనగా పది సీసాలు అమ్మి, చేతినుండి 13 రూపాయలు వేసికొన్నట్లు. ఆమె రాత్రి పన్నెండు గంటలవరకు పొయ్యి యొద్ద నిలిచిన కూలి ఇందులో లేనే లేదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పినది ఇందుకే. ఇష్టముతో చేయు పనికి లెక్క అక్కరలేదని ఆమె అనుకొన్నది. బెసలేలునకు పనితనము దేవుని ఆత్మవలననే కలిగెనని నిర్గమకాండములో ఉన్నది. అదే గ్రంథములో గుడారమునకు పట్టిన బంగారము, వెండి, ఇత్తడి ఎంతయో తూకముతో సహా వ్రాయబడియున్నది.

ధర 240 చేయమని, కొరియరు వేరుగా చూపమని చెప్పినాము. "ఎవరూ కొనరేమో మాస్టారూ" అన్నది. కొనకపోవచ్చును. నష్టమునకు అమ్మి, ఆ నష్టమును పూడ్చుటకు నూనెలో చవక నూనె కలుపవలసిన దినము వచ్చుటకన్న అది మేలు.

ఇంకొక రెండు మాటలు. తినుబండారములు అమ్మువారు ఆహార భద్రతా సంస్థ యొద్ద నమోదు చేసికొని, పదునాలుగు అంకెల నంబరును చీటీమీద వేయవలెను. తూకము, ధర, తయారైన తేదీ, చిరునామా కూడ ఉండవలెను. మన సంఘములవారు మరచునది సరిహద్దు. బంధువులు ఆంధ్రలో, మనము ఇక్కడ. స్వంత రాష్ట్రములో చిన్న అమ్మకమునకు లేని జీఎస్టీ నమోదు, పొరుగు రాష్ట్రమునకు సరుకు అమ్మునప్పుడు అవసరమగును. లెక్కలు తెలిసినవారిని ముందే అడుగుట మంచిది.

ఇక జరిగినది చెప్పి విరమించెదము. ఆ ఒక్క నక్షత్రము వచ్చినప్పుడు యౌవనస్థులు, ఇంకొక ఇరువది అయిదులు వేయించినచో అది అడుగున పడిపోవునని ఉపాయము చెప్పినారు. మేము మాట వెదకుకొనుచుండగనే ఆ సహోదరి లేచినది. "వద్దు తమ్ముడూ. ఆమె అడిగింది నిజమే కదా" అన్నది. బెంగుళూరామెకు డబ్బు త్రిప్పి పంపి, క్షమించమని వ్రాసినది. పేజీలో ఆ మాటను అట్లే ఉంచినది. సంఘపెద్దలమైన మేము చెప్పవలసిన మాట ఆమె చెప్పవలసివచ్చెను.

ఆ రాత్రి మా మనుమడు మేము వ్రాసినదానిని తీసివేసినాడు. మరి పదునలుగురు కూడ తీసివేసినారు. నక్షత్రములు నాలుగే మిగిలి, వాటి ప్రక్కన ఆ ఒక్కటి పెద్దదిగా కనబడుచున్నది. మూడు వారములు ఒక్క సీసాయు కదలలేదు. ఆమె ఏమియు అనలేదు గాని, ఆదివారము మా ముఖము సరిగా చూడలేదు. అది మేము మోయవలసినదే.

పోయిన శనివారము 240 చెల్లించి ఒక సీసా కొన్నాము. డాక్టరు ఎరుగకుండ అన్నములో కొంచెము కలుపుకొని తిన్నాము. మూత గట్టిగా ఉన్నది, గోంగూర మంచిది, ఉప్పు ఒక పాలు ఎక్కువ. అదే వ్రాసి నాలుగు నక్షత్రములు వేయించినాము. గంటలోపల ఫోను వచ్చినది.

"మాస్టారూ, ఉప్పు నిజంగానే ఎక్కువైందా?"

"కొంచెము అమ్మా."

"మంగళవారం కొత్తది కలుపుతాను. అమ్మగారిచేత కూడా రుచి చూపించండి, డబ్బు మాత్రం ఇవ్వాలి."