మేనల్లుడి గడ్డం గురించి నాలుగు మాటలు

ఒరేయ్ అల్లుడూ,

నీ పుట్టువెంట్రుకలకు మొదటి కత్తెర వేసింది నేను. నా ఒళ్లో కూర్చుని గుడి మండపం అదిరేలా ఏడ్చావు. ఆ హక్కుతోనే ఇప్పుడు నీ గడ్డం సంగతి ఎత్తుతున్నాను. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, వీడు పాతకాలం రేజరు ఒకటి తెప్పించుకున్నాడు, దాంతోపాటు ఏడెనిమిది రకాల బ్లేడ్లట, రోజుకొకటి మారుస్తూ మెడంతా ఎర్రగా చేసుకున్నాడు" అంది. నువ్వు పంపిన ఫొటో చూశాను. గడ్డం గీసుకున్నట్టు లేదురా, పిల్లితో పోట్లాడినట్టుంది. మంగళవారం కూడా గీశావట. ఆ మాట అమ్మమ్మ చెవిన పడనివ్వకు.

రేజరు మాత్రం మంచిదే కొన్నావు. దాని గొప్పతనం ఏమిటంటే, ఎవరి బ్లేడైనా అందులో ఇమిడిపోతుంది. రెండంచుల బ్లేడు నడుమ ఉండే ఆ పొడుగాటి చీలిక ఆకారం 1930 ప్రాంతంలో స్థిరపడింది. అప్పట్నుంచి ఏ దేశంలో ఏ కంపెనీ చేసినా అదే కొలత. అందుకే మీ వీధి కొట్లో దొరికే టోపాజూ, సెవెనోక్లాకూ, జపాన్ నుంచి వచ్చే ఫెదరూ నీ ఒక్క రేజరులోనే పడతాయి. నీ ఫోనుకి ఇలాంటి చార్జరు ఉందా చెప్పు.

అన్నీ పడతాయి కదా అని అన్నీ ఒకేసారి మొదలుపెట్టడమే నువ్వు చేసిన పొరపాటు. వారం తిరిగేసరికి నీకేం తెలిసింది? సోమవారం గాటు పడింది, బుధవారం పడలేదు. బుధవారం బ్లేడు మంచిదా, ఆరోజు నువ్వు నిద్ర చాలి నింపాదిగా గీసుకున్నావా? ఎవరు చెప్పగలరు! కొత్తగా కారు నేర్చుకునేవాడు రోజుకో బండి ఎక్కితే ఏ బండీ చేతికి రాదు. మొదటి నెల ఒకే బ్లేడు రకం పట్టుకో. ఏదని అడుగుతావేమో. మందుల షాపులోనో కిరాణా కొట్లోనో ఎప్పుడు వెళ్లినా దొరికే మన దేశపు బ్లేడు ఏదైనా సరే. టీ డబ్బులకు రెండు మూడు వస్తాయి. పదునుకు పేరుమోసిన ఆ ఫెదర్ పొట్లాన్ని మాత్రం అలమర పై అరలో పెట్టెయ్, చెయ్యి కుదిరాక తీద్దువుగాని.

ఆ నెలలో నేర్చుకోవాల్సింది చెయ్యి. కార్‌ట్రిడ్జి రేజరు తల తనే వంగి చెంపకు సర్దుకుంటుంది. ఇది వంగదు, నువ్వే సర్దాలి. రేజరు పైమూతను చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించు. వెంట్రుక తెగుతున్న సన్న చప్పుడు ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఆగు. అదే కోణం, ఇంచుమించు 30 డిగ్రీలు. ఇక నొక్కకు. దాని బరువు చాలు, నువ్వు దారి చూపిస్తే పోతుంది. వెంట్రుక ఎటు మొలిచిందో వేళ్లతో తడిమి అటే గీయి. చెంప మీద కిందికి మొలిస్తే మెడ మీద పక్కకో పైకో మొలుస్తుంది, అందరికీ ఒకలా ఉండదు. సెలూన్లో "రివర్స్ కొట్టమంటారా" అని అడుగుతారు చూడు, ఆ రివర్స్ నీకు ఇప్పుడే వద్దు. కొంచెం గరుకు మిగిలితే మిగలనీ, నిన్నెవరూ పెళ్లిచూపులకు తీసుకెళ్లట్లేదు.

బ్లేడు వేసేటప్పుడు ఇంకో సంగతి ఉంది, ఇది నా ఒంటిమీద నేర్చుకున్నది. కాలేజీ రోజుల్లో ఒక బ్లేడు నా ఎడమ దవడను మాత్రమే కోసేది. ఆర్నెల్లు దాన్ని తిట్టిపోశాను, మిగిలిన పొట్లాలన్నీ పక్కింటాయనకు ఇచ్చేశాను. ఆయన అవే బ్లేడ్లతో హాయిగా గీసుకుని నున్నగా తిరుగుతుంటే అప్పుడు అనుమానం వచ్చింది. చూస్తే ఏముంది, నేను బ్లేడును వంకరగా పెట్టి పిడి బిగించేస్తున్నాను. ఒకవైపు అంచు ఎక్కువ తొంగి చూసేది, రెండోవైపు దాక్కునేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నువ్వు బ్లేడును పదునువైపు ముట్టుకోకుండా పొట్టి కొసల దగ్గర పట్టుకుని అమర్చు. బిగించాక కళ్ల ఎత్తుకు తెచ్చి చూడు. రెండు పక్కలా అంచు ఒకేలా కనబడాలి. లేకపోతే విప్పి మళ్లీ బిగించు. బ్లేడు మీద చిన్న మైనపు చుక్కలుంటే కంగారుపడకు, కాగితంలో కదలకుండా అంటించినవి అవి.

నీళ్ల సంగతి కూడా చూడు. మీ అపార్ట్‌మెంటులో బోరు నీళ్లు కదా. ఉప్పు నీళ్లకు సబ్బు నురగ కట్టదు, కట్టినా నిలవదు. నురగ లేని చెంప మీద ఏ బ్లేడైనా బరబరలాడుతుంది. తాగే నీళ్లు ఒక మగ్గులో గోరువెచ్చగా చేసుకుని బ్రష్ తిప్పి చూడు, సగం ఫిర్యాదులు అక్కడే పోతాయి. స్నానం అయ్యాక గీసుకుంటే ఇంకా మేలు, నానిన వెంట్రుక సులువుగా తెగుతుంది.

నెల గడిచి, మెడ మీద ఎరుపు పోయాక అప్పుడు మొదలుపెట్టు పరీక్షలు. రేజరు మారకూడదు, సబ్బు మారకూడదు, గడ్డం పెరిగిన రోజులు కూడా మారకూడదు. ఒక బ్లేడుకు ఒకరోజు గడ్డం, ఇంకోదానికి మూడురోజుల గడ్డం ఇచ్చి పోల్చితే న్యాయం కాదు. ప్రతి బ్లేడుతోనూ కనీసం మూడుసార్లు గీసుకో. కొన్ని తొలిరోజు కరకరలాడి రెండో రోజుకు మెత్తబడతాయి. కొన్ని తొలిరోజు వెన్నలా జారి మూడో రోజుకు పీకుతాయి. మీ అమ్మ పాల లెక్క రాసినట్టు క్యాలెండరు గడిలో ఒక ముక్క రాసుకో: "మంట", "గాటు ఒకటి", "బాగుంది". అంతకు మించి సాహిత్యం అక్కర్లేదు.

పదును ఎక్కువైతే కోస్తుందేమోనని నీ భయం. అమ్మమ్మను అడుగు, వంటింట్లో వేలు తెగేది ఏ కత్తిపీటకో. మొండిదానికే. టమాటా దిగట్లేదని బలం పెడతాం, జారి వేలి మీదికొస్తుంది. బ్లేడూ అంతే. మొండిబారింది పీకుతుంది, పీకుతోందని నువ్వు నొక్కుతావు, నొక్కినచోట నెత్తురు. అలాగని పదునొక్కటే చాలదు. అంచు మీద క్రోమియం, ప్లాటినం, టెఫ్లాన్ లాంటి పూతలు వేస్తారు. జారడం, నిలవడం వాటినిబట్టి కూడా ఉంటుంది. అందుకే ఒకే పదునున్న రెండు బ్లేడ్లు నీ చెంపకు వేరేగా తోచవచ్చు. నాకు సరిపడింది నీకు సరిపడాలనీ లేదు, నాది ముళ్లకంప గడ్డం.

ఇక పొదుపు. మా నాన్న, అంటే మీ తాతయ్య, బ్లేడును గాజు గ్లాసు లోపలి గోడకు అటూ ఇటూ రుద్ది ఇంకో రెండు రోజులు లాగేవాడు. ఆ రోజులు వేరు. అప్పటి కార్బన్ స్టీలు బ్లేడు తడికి ఇట్టే తుప్పు పట్టేది. స్టెయిన్‌లెస్ బ్లేడ్లు 1960ల్లో గానీ ఊపందుకోలేదు. అయితే అసలు ఈ వస్తువు పుట్టిందే పారేయడానికి. జిల్లెట్ అమెరికాలో అమ్మకం మొదలుపెట్టిన 1903లో 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే పోయాయి. సాన పెట్టకుండా పారేసే కత్తి అంటే జనం నమ్మలేదేమో. కానీ పారేయక తప్పదు. ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది, అయినా వెంట్రుకే గెలుస్తుంది. అంచు నెమ్మదిగా అరగడమే కాదు, వెంట్రుక తగిలినచోట సన్నగా పెచ్చులూడుతుందని 2020లో ఎమ్‌ఐటీ పరిశోధకులు సూక్ష్మదర్శినిలో చూసి చెప్పారు. కాబట్టి నాలుగైదుసార్లు గీసుకున్నాక లాగడం మొదలైతే, మధ్యలో ఆపి అయినా సరే, కొత్తది వెయ్యి. తువ్వాలుతో అంచును తుడవకు, నీళ్లలో జాడించి ఆరనివ్వు.

మీ గదిలో కుర్రాళ్లు అడిగితే సబ్బు ఇవ్వు, క్రీము ఇవ్వు. బ్లేడు మాత్రం ప్రాణస్నేహితుడికైనా ఇవ్వకు, వాడిది తీసుకోకు. హెపటైటిస్ బి, సి లాంటివి కంటికి కనబడని నెత్తురు చుక్కతోనూ వస్తాయి. సెలూన్లో మన కళ్లముందే కొత్త బ్లేడు విరిచి కత్తిలో పెట్టేది ఎందుకనుకున్నావు?

వాడిన బ్లేడ్లను కవర్లో చుట్టి చెత్తబుట్టలో వెయ్యకు. ఒకప్పుడు అమెరికా ఇళ్లలో బాత్రూం గోడకే సన్నటి చీలిక ఉండేది, అందులో పడేస్తే గోడ మధ్యకి పోయి ఉండిపోయేవి. నీకు గోడ కొయ్యాల్సిన పని లేదు. ఖాళీ పౌడరు డబ్బా ఒకటి తీసుకుని మూతకు చిన్న గాడి పెట్టు, నిండేసరికి ఏళ్లు పడుతుంది. పొద్దున్నే మీ మెట్ల దగ్గర చెత్త ఏరే అమ్మాయి చేతులకు గ్లవుజులు ఉండవు, నేను చూశాను.

పండక్కి వచ్చేటప్పుడు ఆ రేజరు వెంట తీసుకురా, ఎలా బిగిస్తున్నావో చూస్తాను. గీసుకున్నాక రుద్దుకోడానికి పటిక ముక్క కొనకు, నా దగ్గర పెద్ద గడ్డ ఉంది, సగం విరిచి ఇస్తాను.