రెండవ స్వరము

దేవుడు ఒకనికి గొప్ప వరము నిచ్చియు, దానిని వినియోగించుటకు చిన్న చోటు మాత్రమే దొరికినయెడల, ఆ వరము వ్యర్థమైనట్లేనా? వేదాంత కళాశాల విడిచి వైరా ప్రాంతపు పల్లెలకు వచ్చిన నాటినుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు. దీనికి నాకు దొరికిన జవాబు పుస్తకములలోనిది గాదు. ఇద్దరు గాయనుల జీవితములును, మా సంఘములోని ఒక స్త్రీ చెప్పిన ఒక్క మాటయు నాకు దానిని నేర్పినవి.

పాశ్చాత్య సంగీతములో స్త్రీల కంఠములను మూడు విధములుగా చెప్పుదురు. పైస్థాయి సొప్రానో, కింది స్థాయి కంట్రాల్టో, ఈ రెంటి నడుమ మెజ్జో సొప్రానో. మెజ్జో అనగా ఇటలీ భాషలో సగము, లేక నడిమి అని అర్థము. కథయంతయు పాటగా నడుచు ఒపెరాలలో నాయిక వేషము సామాన్యముగా సొప్రానోకే చెందును. మెజ్జోకు తల్లి, దాది, దాసి, నాయికకు పోటీగా నిలుచు స్త్రీ, ఇట్టి వేషములే తరచుగా వచ్చును. 1875లో ప్రదర్శింపబడిన బిజే గారి ‘కార్మెన్’ వంటివి అరుదు. జీవితమంతయు సాధనచేసి, రెండవ స్థానమున నిలిచి పాడు గాయనులు ఎందరో గలరు.

మన కర్ణాటక సంగీతములో ఈ విభాగము లేదు. ఎవరి శ్రుతి వారిది. అయినను ఎత్తు పల్లములు మనకును గలవు. కచేరీ వేదిక ఎత్తైనదనియు, రేడియోలో లలిత గీతము పాడుట తక్కువదనియు తలంచువారు లేకపోలేదు. ఈ తలంపునకు శ్రీరంగం గోపాలరత్నం గారి జీవితమే సమాధానము.

ఆమె 1939లో విజయనగర ప్రాంతమందలి పుష్పగిరిలో జన్మించిరి. బాల్యముననే హరికథలు చెప్పిరి. కవిరాయని జోగారావు గారియొద్దను, డాక్టరు శ్రీపాద పినాకపాణి గారియొద్దను విద్య నేర్చిరి. ఇంతటి శిక్షణ పొందినవారు ఆకాశవాణి విజయవాడ కేంద్రములో నిలయ కళాకారిణిగా పనిచేసిరి. 1948లో ఆరంభమైన ఆ కేంద్రములో నిలయ కళాకారుల పని యెట్టిదనగా, ఆనాటి కార్యక్రమమునకు ఏది కావలయునో అది పాడవలెను. ఉదయము భక్తి గీతము, మరియొక వేళ కృతి, ఇంకొక వేళ సంగీత నాటకములో ఒక పాత్ర. వినువారికి ముఖము కనబడదు. పేరు ఒకసారి చెప్పుదురు, అంతే. ఆమె త్యాగరాజ కృతి పాడిన గొంతుతోనే జావళీలు పాడిరి, అన్నమాచార్య కీర్తనలు పాడిరి, నండూరి వెంకట సుబ్బారావు గారి ఎంకి పాటలు పాడిరి. పల్లెటూరి నోటి తెలుగులో ఉన్న ఆ పాటలకు ఆమె తన విద్యను తగ్గించి యివ్వలేదు.

మా అమ్మ పొయ్యియొద్ద కూర్చుండి విజయవాడ కేంద్రము వినుచుండెడిది. ఎంకి పాట వచ్చినప్పుడు ఊదుగొట్టము పక్కన బెట్టెడిది. పొగలో కండ్లు తుడుచుకొనుచు వినెడిది. ఏ కచేరీకిని పోలేని ఆ స్త్రీకి అంత గొప్ప విద్య వంటింటికి వచ్చి చేరినది. అది చిన్న చోటని ఎవరు చెప్పగలరు? తరువాత గోపాలరత్నం గారు హైదరాబాదు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలు అయిరి. 1992లో పద్మశ్రీ వచ్చినది. 1993లో ఆమె కన్నుమూసిరి. మా అమ్మకు ఈ బిరుదుల సంగతి తెలియదు.

అదే 1993లో అమెరికాలో మరియన్ ఆండర్సన్ అను గాయని మరణించిరి. ఆమెది మెజ్జోకంటెను కింది స్వరమైన కంట్రాల్టో. ఫిలడెల్ఫియాలోని ఆమె బాప్తిస్టు సంఘమువారు చందాలు పోగుచేసి ఆమెకు సంగీతము చెప్పించిరి. కాని నల్లజాతి స్త్రీ యగుటచేత 1939లో వాషింగ్టను నగరమందు ఒక సభామందిరము ఆమెకు నిరాకరింపబడెను. ఆ ఈస్టరు ఆదివారమున లింకను స్మారక మందిరము మెట్లమీద ఆరుబయట పాడగా డెబ్బదియైదు వేలమంది వినిరి. న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరాలో ఆమెకు వేషము దొరికినది 1955లో; అప్పటికి ఆమె వయస్సు 57. ఆ వేషము ఒక్క రంగములో మాత్రము కనబడు సోదె చెప్పు స్త్రీది. ఆమె దానిని స్వీకరించి, ఆ వేదికపై ప్రధాన పాత్ర పాడిన మొదటి నల్లజాతి గాయని యయ్యెను.

ఇక్కడ మనము జాగ్రత్తగా ఆలోచింపవలెను. ఈ ఇద్దరి చోట్లు ఒక్కటి కావు. గోపాలరత్నం గారు తమ పనిలో దేనిని చిన్నదిగా ఎంచలేదు. ఆండర్సన్ గారినైతే మనుష్యులే చిన్న చోటికి నెట్టిరి. అట్టివారియొద్దకు పోయి, ‘ఉన్నదానితో తృప్తిపడుము’ అని బోధించుట భక్తి కాదు. తలుపు మూసినవారి పక్షమున మాటలాడుటయే.

నేనట్లు చేసితిని గనుక దీనిని వ్రాయుచున్నాను. కళాశాలలో ప్రసంగమునకు బహుమతులు పొందినవాడను. పట్టణ సంఘము దొరుకునని ఎదురుచూచి, దొరకక, కొన్ని సంవత్సరములు లోలోపల అలిగి సేవచేసితిని. ఆ దినములలో మా గాయక బృందములో ఒక పిల్ల యుండెను. లోతైన గొంతు. తక్కిన పిల్లలతో పైస్థాయికి రాలేక కింద పాడుచుండగా, పాట చెడిపోవుచున్నదని చెప్పి నేనామెను వెనుక బల్లకు పంపితిని. ఆమెకు తగిన రెండవ స్వరము నేర్పవచ్చునని నాకు తోచలేదు. చిన్న చోటు దొరికినదని నొచ్చుకొన్నవాడనే, మరియొకరికి ఉన్న చోటు తీసివేసితిని.

ఇరువది యేండ్ల తరువాత ఆమె ఆరాధనలో పెదవులు మూసుకొని నిలుచుట చూచి, క్షమింపుమని అడిగితిని. ఆమె నవ్వి, “అయ్యగారూ, పాట నేనేం మానలేదు. మిరపతోటల పాడుతనే ఉన్నా. ఇక్కడ మీరొద్దన్నరని మానిన” అన్నది.

అప్పుడు నాకు అర్థమైనది. ఆమె వరము వ్యర్థము కాలేదు. మిరపకాయలు కోయువారు దానిని వినిరి. నష్టపోయినది మా సంఘము. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని గూర్చి ఎన్నిమార్లు ప్రసంగించితినో! ఇతరుల తలాంతును పాతిపెట్టినవాడు నేనే గదా.

కాబట్టి చదువరీ, నీకు దొరికినది చిన్న చోటైతే, ‘దేవుని యెదుట చిన్న చోటు లేదు’ అని నీతో నీవు చెప్పుకొనుము. అది నిన్ను నిలుపును. అయితే ఆ మాటను మరియొకరితో చెప్పబోవునప్పుడు నోరు మూసుకొని, మొదట లేచి, నీ పక్కన వారికి చోటిమ్ము.

ఇప్పుడామె ముందు బల్లలో కూర్చుండుచున్నది. మా పాట ఇంకను సరిగా కుదురలేదు. రెండవ స్వరము మాత్రము వినబడుచున్నది.