కార్గిల్ కాదండి, శ్రీలంక

మాజీ సైనికుణ్ణి వేదికెక్కించి శాలువా కప్పినప్పుడు మనం గౌరవిస్తున్నది ఎవరిని? ఆ మనిషినా, ఆయన గురించి ముందే మన మనసులో గీసి పెట్టుకున్న బొమ్మనా? ఈ సందేహం నన్ను చాలాకాలంగా పీడిస్తోంది.

మాది తాడేపల్లిగూడెం వైపు పల్లె. దగ్గర్లోనే మాధవరం. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ పటాలానికి మనుషుల్ని పంపి పంపి మిలటరీ మాధవరం అనిపించుకున్న ఊరు. ఆ గాలి మా ఊరికీ సోకింది. మా పెదనాన్న మద్రాస్ రెజిమెంటులో చేసి హవల్దారుగా రిటైరయ్యాడు.

ఒక ఆగస్టు పదిహేనున మా హైస్కూల్లో ఆయన్ని పిలిచి దండ వేశారు. మైకు పట్టుకున్న కుర్రాడు "మన ఊరి కార్గిల్ వీరుడు" అని కేక పెట్టాడు. పెదనాన్న దండ తీసి బల్ల మీద పెట్టి, మైకు అడిగి తీసుకున్నాడు. "నేను కార్గిల్ వెళ్లలేదండి. అప్పటికే పింఛను మీద ఇంటికొచ్చేశాను. నేను చేసింది శ్రీలంకలో, జాఫ్నాలో" అన్నాడు. కాసేపు ఎవరికీ ఏమీ తోచలేదు. తర్వాత మళ్లీ చప్పట్లు కొట్టారు, ఇందాకటికంటే గట్టిగా. పిల్లల డాన్సు మొదలైంది. జాఫ్నాలో ఏం జరిగిందని ఆ రోజు ఆయన్ని ఒక్కరూ అడగలేదు. గేటు దగ్గర మాత్రం ఒకాయన భుజం మీద చెయ్యేసి, మిలటరీ క్యాంటీన్ మందు బాటిల్ ఒకటి చూడమని అడిగాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ బాటిల్ కాదు, ఆ రెండోసారి చప్పట్లు. కార్గిల్ అన్నా అవే, శ్రీలంక అన్నా అవే. అంటే అవి ఆయన చేసినదానికి కాదన్నమాట.

సరిహద్దులో సైనికులు మేలుకుని ఉండబట్టే మనం నిద్రపోతున్నామని ప్రతి సభలోనూ అంటారు. జాఫ్నా మన సరిహద్దు కాదు. 1987 జూలైలో ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. శాంతి కాపాడమని పంపిన సైన్యం అక్టోబరుకల్లా తమిళ తిరుగుబాటు దళం ఎల్టీటీఈతో యుద్ధంలో దిగబడింది. మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు. 1990 మార్చిలో దళాలు మద్రాసు రేవులో దిగితే, తమిళుల మీద తుపాకీ ఎత్తి వచ్చిన సైన్యానికి స్వాగతం చెప్పలేనని తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లనేలేదు. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019లో తెరుచుకునే నాటికే, శ్రీలంకలో పోయిన మనవాళ్ల పేర్లతో కొలంబో పక్కన స్మారకం ఉంది. గెలిచిన యుద్ధాన్ని, టీవీలో చూసిన యుద్ధాన్ని తలుచుకోవడం తేలిక. ఎవరికీ అక్కర్లేకుండా ముగిసిన యుద్ధంలో చేసినవాణ్ణి ఏం చేసుకోవాలో మనకు తెలియదు. అందుకే ఆయన్ని కార్గిల్‌కి పంపేశాం.

ఎందుకు చేరావని ఒకసారి అడిగాను. "ఉద్యోగమ్రా. కౌలు పొలం, నలుగురు చెల్లెళ్లు. వెల్లింగ్టన్‌లో ట్రైనింగుకి వెళ్లాకే మూడుపూటలా కడుపునిండా తిన్నాను" అన్నాడు. దేశం అనే మాట ఆయన నోట రాలేదు. జీతం తీసుకున్నాడు కదా, ఇంక గొప్పేమిటి అనేవాళ్లకి ఇది చాలు. వాళ్లతో నాకు ఏకీభావం లేదు. జీతమిచ్చే ఉద్యోగాలన్నీ ప్రాణం పెట్టమని అడగవు. అన్నం కోసం వెళ్లినవాడు మందుపాతర ఉన్న దారిలో నడిస్తే, భక్తితో వెళ్లినవాడి కంటే అడుగు తేలిగ్గా పడదు. ఎందుకు వెళ్లాడన్నది వదిలేసి, ఏం చేశాడన్నదే చూద్దామనుకున్నాను. కొన్నాళ్లు అక్కడే నిలిచాను.

కానీ చేసిన పనినే చూడాలంటే అంతా చూడాలి. 1987 అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకు రోగులు, డాక్టర్లు, నర్సులు బలయ్యారు. ఎదురుకాల్పుల్లో జరిగిందని సైన్యం చెప్పింది. బతికి బయటపడ్డవాళ్లు అలా చెప్పలేదు. పెదనాన్న అక్కడ లేడు. అయినా అదే యూనిఫారం.

ఆయన తనంతట తాను చెప్పిన సంగతి ఒకటుంది. ఇళ్లు సోదా చేసేటప్పుడు వాళ్ల సెక్షన్‌లో ఉన్న మదురై వైపు కుర్రాణ్ణి ముందుంచేవారట, తమిళంలో పిలవడానికి. ఒకచోట ఓ ముసలావిడ తలుపు తీసి, వాడి మాట విని, వాడి చేతిలో తుపాకీ చూసి, "నువ్వు మావాడివేనా?" అని అడిగిందట. వాడు జవాబు చెప్పలేదు. లోపలికెళ్లి గాదె కింద, మంచం కింద వెతికారు. ఏమీ దొరకలేదు. ఆ రాత్రి వాడు పళ్లెం ముందు కూర్చుని లేచిపోయాడట. "ఆవిడకి మేమేం చెప్పాలిరా?" అని పెదనాన్న నన్నడిగాడు, నాకేదో తెలిసినట్టు.

ఆ జవాబు చెప్పాల్సింది వీళ్లు కాదు, పంపినవాళ్లు. అంటే ఓట్లేసిన మనమే. వీరుడని దండ వేసినా, జీతగాడని తీసిపారేసినా, మనం పంపామన్న సంగతి మరుగున పడుతుంది. జవాబు దొరికిందనుకుని ఇదే పెదనాన్నతో అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. "ఎవడూ పంపలేదు నన్ను. ర్యాలీలో పరిగెత్తి నేనే చేరాను. నన్ను జాలిపడాల్సినవాణ్ణి చెయ్యకు" అన్నాడు. నా వాదన అక్కడే ఆగిపోయింది. భారమంతా మన మీద వేసుకుంటే ఆయన చేతుల్లోంచి ఆయన జీవితాన్నే లాక్కున్నట్టవుతుందా? అవుతుందనే అనిపిస్తోంది. అయినా మనం పంపామన్నదీ అబద్ధం కాదు.

వచ్చే ఆగస్టుకి ఆయన్ని పరిచయం చేసే పని నాకిచ్చారు. కాగితం మీద రాసుకున్నాను: ఉద్యోగం కోసం చేరాడు, ప్రభుత్వం పంపితే శ్రీలంక వెళ్లాడు, జాఫ్నాలో యుద్ధం చేశాడు, ఆ యుద్ధంలో మనవాళ్లూ, అక్కడి మామూలు జనమూ చనిపోయారు, ఆసుపత్రిలో కూడా. పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మొదటి మూడింటికీ తలూపాడు. ఆసుపత్రి మాట కొట్టెయ్యమన్నాడు. "నేనక్కడ లేను. నా పేరు పక్కన అది చదివితే చేసింది నేనేననుకుంటారు" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. తీసేస్తే ఆ యుద్ధాన్ని మళ్లీ కార్గిల్ చేసినట్టే అవుతుందని నేనన్నాను. ఆయన పేరుతో కలపకుండా, ఆ యుద్ధం గురించి విడిగా చెప్పవచ్చేమోనని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. దానికీ ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పరిచయం చెయ్యనని స్కూలువాళ్లకి చెప్పాలా, ఆయన మాట ప్రకారమే చదవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.