గానమునకు తూనికరాళ్ళు

భగవంతుని స్మరించి పాడిన పాటకు మార్కులు వేయవచ్చునా? ఈ ప్రశ్న నేడు పండిత సభలలో కంటె గృహములలోనే ఎక్కువగా వినవచ్చుచున్నది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో సంధ్యాదీపము వెలిగించిన పిమ్మట టెలివిజన్ ముందు కూర్చుండు కుటుంబములు ఎన్నో కలవు. తెరపై ఒక బాలిక అన్నమాచార్య కీర్తన ఆలపించును. వెంటనే న్యాయనిర్ణేతలు లోపములెన్ని అంకెలు చెప్పుదురు. "స్వామి పాటకు వెల కట్టుటకు వీరెవరు?" అని ఇంటి పెద్దలు నొచ్చుకొందురు.

ఆ నొప్పిని అకారణమని త్రోసివేయరాదు. అయితే నిర్ణేత తూచునది భక్తిని కాదు. అది అతని తక్కెడకు అందునది కాదు. శ్రుతి నిలిచినదా, లయ తప్పినదా, అర్థము చెడకుండ పదము పలికినదా అనునంతవరకే అతని అధికారము. రికార్డు చేసిన పాటలో జారిన స్వరమును నేడు యంత్రముతో సరిదిద్దవచ్చును. స్టూడియోలో వాద్యబృందము నడుమ అప్పటికప్పుడు పాడునపుడు ఆ మరుగు లేదు. శంకరుని 'సంకర' యని పిలిచిన గాయకుని హృదయము ఎంత నిర్మలమైనను, వినువాని చెవికి మంగళకరుడైన దేవుడు పోయి కల్తీ మిగులును. దీనిని చెప్పుట అపచారము కాదు, చెప్పకుండుటయే అపచారము.

చిక్కు వేరొకచోట నున్నది. బి.వి. కేస్కర్ మంత్రిగా నున్న కాలమున, 1952లో, ఆకాశవాణి కళాకారులకు స్వరపరీక్షా విధానము ప్రవేశపెట్టబడినది. పేరు, ముఖము ఎరుగక కంఠమును మాత్రమే విని నిర్ణయింపవలెనన్నది దాని ఆశయము. విద్వాంసులు కొందరు దానిని అవమానముగా భావించి నిరసించిరి. టెలివిజన్‌లో అంతయు తలక్రిందులు. పాటకు ముందే ఇంటి కష్టగాథ చూపబడును, తల్లి కన్నీరు కెమెరాకు చిక్కును. నిర్ణేత మనస్సు కరుగును. కరుగుట దోషము కాదు. కాని అందువలన పెరిగిన రెండు మార్కులు, ఏ కన్నీరును చూపని మరియొక బిడ్డ నుండి తీసినవే కదా! ఒకరి సొత్తును మరొకరికి ఇచ్చుట దానమెట్లగును?

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము జీవితము ఇచట స్మరణీయము. ఘంటసాల, ఎస్.పి. కోదండపాణి నిర్ణేతలుగా కూర్చున్న పోటీలో ఉత్తమ గాయకునిగా ఎంపికైన యువకుడాయన. 1966లో కోదండపాణి సంగీతములోనే చిత్రసీమకు పరిచితుడయ్యెను. తదనంతరము తన రికార్డింగు శాలకు ఆ గురువు పేరే పెట్టుకొనెను. 1996లో ఈటీవీలో ఆరంభమైన 'పాడుతా తీయగా'లో తానే నిర్ణేత స్థానమున కూర్చుండి బాలల ఉచ్చారణను దిద్దెను, పాట వ్రాసిన కవిని, స్వరకర్తను తలచుకొనుట నేర్పెను. 2020 సెప్టెంబరు 25న ఆయన కాలధర్మము చెందెను. ఒకనాడు తూచబడినవాడు కనుకనే ఆయనకు త్రాసు బరువు తెలిసినది.

మరి ఓడిన బిడ్డ మాటేమి? పింగళి సూరన కళాపూర్ణోదయములో నారదుడంతటి భక్తుడే తుంబురుని గానమునకు లభించిన ఆదరమును చూచి అసూయ చెందెను. ఆ పట్టుదలతోనే ద్వారకకు వచ్చి శ్రీకృష్ణుని సన్నిధిలో సంగీతమభ్యసించెను. మహర్షికి తప్పని మంట పదేండ్ల బాలునికి తప్పునా? (ఆ బాలుని ఏడ్పును దగ్గరగా చూపవలెనని మాత్రము ఏ శాస్త్రమునందును కానరాదు.)

భగవద్గీత 17వ అధ్యాయము 15వ శ్లోకము వాక్కునకు సంబంధించిన తపస్సును నిర్వచించుచు, మాట సత్యము, ప్రియము, హితము కావలెననియు, ఎదుటివానిని కలతపెట్టరాదనియు తెలుపుచున్నది. దీపకాంతుల నడుమ, నిమిషముల లెక్కతో ఈ నాలుగింటిని ఒక్క వాక్యములో ఇముడ్చుట కష్టము. ప్రియమొక్కటే మిగిల్చి 'అద్భుతము' అనుట సులభము. ఆ పొగడ్త విని ఇల్లు చేరిన బాలిక, తారస్థాయిలో జారిన శ్రుతినే గమకమని నమ్మి శనివారపు భజనలో అట్లే పాడును. ఆమె వెనుక పాడు పదిమందియు అట్లే జారుదురు. "పై షడ్జమము అందలేదు తల్లీ, శ్రుతి కొంచెము తగ్గించుకొని సాధన చేయుము" అని నాడు ఒక్క మాట చెప్పియుండిన, మరుసటి శనివారమునకే ఆమె దిద్దుకొనియుండెడిది.